బూస్టర్ మార్చినా పెడల్ గట్టిగానే ఉందంటే

మీరు రాసిన వివరాలను ముందుగా ఒకచోట పెట్టుకుంటాను. బండి పదేళ్లు దాటిన డీజిల్ పికప్, ఒకటిన్నర టన్నుల లోడుది, ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు. మదనపల్లె మార్కెట్ నుంచి టమాటా పెట్టెలు వేసుకుని భాకరాపేట ఘాటు మీదుగా తిరుపతికి దిగుతారు. తెల్లవారుజామున బండి తీసేటప్పుడు బ్రేకు పెడల్ మామూలుగానే ఉంటుంది. గంట నడిచాక గట్టిపడుతుంది. ఘాటులో వరుసగా నాలుగైదు సార్లు తొక్కేసరికి రాయిలా అయిపోతుంది. షెడ్డులో మొదట మాస్టర్ సిలిండర్ (పెడల్ తోపును బ్రేకు ఆయిల్ ఒత్తిడిగా మార్చే భాగం) మార్చారు, ఆ తరువాత బూస్టర్ (కాలి బలానికి సాయం కలిపే భాగం) మార్చారు, అయినా పెడల్ మారలేదు. పైగా బూస్టర్ మార్చినప్పటి నుంచి ముందు చక్రాలు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతున్నాయి. కొత్త బూస్టర్ కూడా పాడు సరుకేనని, మూడోది తెప్పించాలని ఇప్పుడు మెకానిక్ అంటున్నారు.

తెప్పించకండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే మీ బండిలో ఒకటి కాదు, రెండు లోపాలు ఉన్నాయని నాకు అనిపిస్తోంది. మొదటిది, ఇంజన్ వేడెక్కాక బూస్టర్‌కు చాలినంత వాక్యూమ్ (గాలి లాగేసిన ఖాళీ, బూస్టర్ నడిచేది దీనితోనే) అందకపోవడం. ఇది మొదటి నుంచీ ఉన్న లోపం, దీన్ని ఇంతవరకు ఎవరూ కొలిచి చూడలేదు. రెండోది, బూస్టర్ మార్చేటప్పుడు దాని ముందు కడ్డీ పొడవు సరిచూడకుండా బిగించడం వల్ల కొత్తగా వచ్చి చేరినది. రెండింటినీ విడివిడిగా తేల్చుకోవాలి, లేకపోతే ఒకదాని లక్షణం ఇంకొకదాన్ని కప్పేస్తూ ఉంటుంది.

పరీక్షల కంటే ముందు ఒక మాట. ఇది తేలేదాకా ఆ బండిని లోడుతో ఘాటు దించవద్దు. ఇంకా ముఖ్యంగా, డీజిల్ మిగులుతుందని ఇంజన్ ఆపిగానీ, న్యూట్రల్‌లో వేసిగానీ దిగే అలవాటు ఉంటే అది ఈ రోజుతో మానాలి. ఇంజన్ ఆగితే బూస్టర్‌లో నిల్వ ఉన్న వాక్యూమ్ రెండు మూడు తొక్కులకు మించి రాదు. న్యూట్రల్‌లో ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి వాక్యూమ్ పంపు కూడా నెమ్మదిగానే తిరుగుతుంది, మీరు మాత్రం అదే సమయంలో ఎక్కువసార్లు బ్రేకు తొక్కుతుంటారు. సెకండు గేరులో దిగితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, పంపు కూడా వేగంగా తిరుగుతుంది, రెండు విధాలా లాభం.

గట్టి పెడల్ అనే మాటను కూడా కొంచెం విప్పి చూడాలి, ఎందుకంటే బ్రేకు సరిగా పట్టని ప్రతి బండికీ డ్రైవర్లు ఇదే మాట వాడతారు. పెడల్ స్పాంజిలా మెత్తగా ఉంటే పైపుల్లో గాలి ఉంది, లేదా బ్రేకు ఆయిల్ మరుగుతోంది. తొక్కి పట్టుకుంటే పెడల్ నెమ్మదిగా కిందికి దిగిపోతుంటే ఎక్కడో ఆయిల్ కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి వాషర్లు అరిగాయి. పెడల్ పైనే ఉండి, ఎంత తొక్కినా కదలక, బండి కూడా ఆగకపోతే అది కాలికి అందాల్సిన సాయం అందకపోవడం. మీది ఈ మూడో రకం. ఈ మూడో రకానికి మాస్టర్ సిలిండర్ మార్చడం దాదాపు ఎప్పుడూ మందు కాదు, కాబట్టి ఆ ఖర్చు మొదటే వృథా అయిందని చెప్పక తప్పదు.

బూస్టర్ చేసే పని లెక్కలో చూస్తే విషయం తేటపడుతుంది. డబ్బాలాంటి ఆ భాగంలో రబ్బరు డయాఫ్రమ్ ఒకటి ఉంటుంది. పెడల్ తొక్కనప్పుడు దానికి రెండు వైపులా వాక్యూమే ఉంటుంది. తొక్కగానే పెడల్ వైపు గదిలోకి బయటి గాలి వస్తుంది, ఇంజన్ వైపు గదిలో వాక్యూమ్ అలాగే ఉంటుంది, ఆ తేడా డయాఫ్రమ్‌ను ముందుకు తోస్తుంది. డయాఫ్రమ్ వ్యాసం 9 అంగుళాలు అనుకుంటే దాని వైశాల్యం దాదాపు 410 చదరపు సెంటీమీటర్లు. గేజీలో 600 మిల్లీమీటర్ల (పాదరసం కొలతలో) వాక్యూమ్ ఉంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీద దాదాపు 0.8 కిలోల తోపు పడుతుంది, అంటే మొత్తం 328 కిలోలు. మీ కాలు 20 కిలోల బలంతో తొక్కితే, పెడల్ తులాదండం దాన్ని నాలుగింతలు చేస్తుందనుకుంటే, 80 కిలోలు. రెండూ కలిపి మాస్టర్ సిలిండర్ మీద 408 కిలోలు. ఇప్పుడు వాక్యూమ్ సగానికి, అంటే 300 మిల్లీమీటర్లకు, పడిపోయిందనుకోండి. అదే 408 కిలోలు రావాలంటే కాలు 61 కిలోలతో తొక్కాలి. వాక్యూమ్ పూర్తిగా పోతే 102 కిలోలు కావాలి. నిండు లోడుతో దిగుతున్నప్పుడు కూర్చున్న చోటి నుంచి అంత బలం పెట్టగలిగే మనిషి అరుదు. ఇంకొక సంగతి గమనించండి: వాక్యూమ్ తక్కువగా ఉన్నప్పుడు నెమ్మదిగా తొక్కితే పెడల్ మామూలుగానే అనిపిస్తుంది, ఎందుకంటే చిన్న బ్రేకుకు ఆ కొంచెం సాయమే చాలు. బూస్టర్ తన శక్తి మేరకు తోసేశాక, ఆపైన కావలసినదంతా కాలి మీదే పడుతుంది. రాయిలా అనిపించేది సరిగ్గా అక్కడే. అందుకే షెడ్డు ముందు ఖాళీ బండిని పది అడుగులు నడిపి, బ్రేకు బాగానే ఉందని చెప్పేవారి మాట నమ్మడానికి లేదు.

పెట్రోలు ఇంజన్‌లో ఈ వాక్యూమ్ ఇన్లెట్ మానిఫోల్డ్ (ఇంజన్ గాలి పీల్చుకునే గొట్టం) నుంచే దొరుకుతుంది. డీజిల్ ఇంజన్ గాలిని థ్రాటిల్‌తో అడ్డుకోకుండా పీల్చుకుంటుంది కాబట్టి అక్కడ చెప్పుకోదగ్గ వాక్యూమ్ పుట్టదు, దానికోసం వేరే పంపు పెట్టాలి. మన దగ్గర తిరిగే పాత డీజిల్ జీపుల్లో, పికప్‌లలో ఈ పంపు చాలావరకు ఆల్టర్నేటర్ వెనుకే, అదే షాఫ్టు మీద ఉంటుంది. డ్రైవర్లు డైనమో అని పిలిచేది, బ్యాటరీని చార్జి చేసే ఈ ఆల్టర్నేటర్ నే. కొత్త కామన్ రైల్ ఇంజన్లు కొన్నింటిలో క్యామ్ షాఫ్టు చివర హెడ్డుకే బిగించి ఉంటుంది. మీది ఆల్టర్నేటర్ వెనుక ఉన్న రకం అని మీ వర్ణన చెబుతోంది. ఇది తెలుసుకోవడం ఎందుకంటే, ఆ రకంలో బెల్టు వదులైతే బ్యాటరీ చార్జింగు ఒక్కటే కాదు, బ్రేకు సాయం కూడా తగ్గుతుంది. ఘాటు మీద రాత్రిపూట లైట్లు, వైపర్లు అన్నీ వేసినప్పుడు ఆల్టర్నేటర్ మీద భారం పెరిగి, వదులు బెల్టు జారుతుంది, అదే క్షణంలో పెడల్ గట్టిపడుతుంది. ఈ రెండింటికీ సంబంధం ఉందని చాలామందికి తట్టదు.

సరే, పరీక్షలకు వద్దాం. పనిముట్లు లేకుండా కాలితో చేసేవి మూడు ఉన్నాయి. బండిని చదునైన చోట ఆపి, చక్రాల కింద రాళ్లు పెట్టి, ఇంజన్ ఆపండి. పెడల్‌ను ఐదారు సార్లు తొక్కి వదిలితే లోపలి నిల్వ అయిపోయి గట్టిపడుతుంది. అలా గట్టిపడ్డ పెడల్ మీద మామూలు బలంతో కాలు ఉంచి ఇంజన్ స్టార్టు చేయండి. పెడల్ కొద్దిగా కిందికి జారాలి. జారకపోతే సాయం అందడం లేదు. రెండోది: ఇంజన్‌ను ఒకటి రెండు నిమిషాలు నడిపి ఆపేసి, నెమ్మదిగా మూడుసార్లు తొక్కండి. మొదటిసారి బాగా లోతుకు, తరువాత ఒక్కోసారి కొంచెం పైన ఆగాలి. మొదటి తొక్కే గట్టిగా ఉంటే నిల్వ నిలవడం లేదు, అంటే నాన్ రిటర్న్ వాల్వు (గాలిని ఒక వైపుకే పోనిచ్చేది) గానీ, బూస్టర్ గానీ గాలి వదులుతోంది. మూడోది: ఇంజన్ నడుస్తుండగా పెడల్ తొక్కి పట్టుకుని, అలాగే ఇంజన్ ఆపి, 30 సెకన్లు పట్టి ఉంచండి. పెడల్ ఉన్నచోటే ఉండాలి. కాలిని పైకి తోస్తుంటే బూస్టర్ లోపల లీకు ఉంది.

ఈ మూడింటినీ రెండుసార్లు చేయండి: తెల్లవారి చల్లటి ఇంజన్‌తో ఒకసారి, గంట నడిచి వచ్చాక వేడి ఇంజన్‌తో ఒకసారి. మీ విషయంలో అసలు ఆధారం ఈ రెండింటి మధ్య తేడాలోనే ఉంది. డయాఫ్రమ్ చిరిగితే పొద్దున్నా చిరిగే ఉంటుంది, మధ్యాహ్నమూ చిరిగే ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు కుట్టుకుని, వేడెక్కాక విడిపోదు. చల్లగా బాగుండి వేడెక్కాక పోయేవి రెండే నాకు ఎక్కువగా ఎదురయ్యాయి. ఒకటి పంపు, ఇంకొకటి దాని రబ్బరు పైపు.

ఇంటర్నెట్ వీడియోలలో చెప్పే ఒక గుర్తు గురించి ఇక్కడే హెచ్చరించాలి. బూస్టర్ పోతే బ్రేకు తొక్కినప్పుడు ఇంజన్ వణుకుతుందని చెబుతారు. అది పెట్రోలు ఇంజన్ మాట, అక్కడ లీకైన గాలి నేరుగా ఇంజన్‌లోకే పోతుంది కాబట్టి. మీ డీజిల్ ఇంజన్ వణకనంత మాత్రాన బూస్టర్ బాగుందనీ కాదు, వణికినంత మాత్రాన బూస్టర్ పోయిందనీ కాదు.

కాలి పరీక్షలు లోపం ఉందని చెబుతాయి, ఎక్కడుందో చెప్పవు. దానికి వాక్యూమ్ గేజీ కావాలి. షెడ్డులో లేకపోతే పక్కనున్న ఏసీ మెకానిక్ దగ్గర నీలం రంగు గేజీ ఉంటుంది. అందులో సున్నాకు కింద 30 అంగుళాల దాకా వాక్యూమ్ చూపే గీతలు ఉంటాయి, అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు లెక్కవేసుకుంటే సరిపోతుంది. మొదట పంపు మూతి దగ్గర పైపు ఊడదీసి గేజీని నేరుగా పంపుకే తగిలించండి. ఐడ్లింగులో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు) చల్లగా ఎంత, గంట నడిచాక వేడిగా ఎంత, రేజింగ్ ఇస్తే ఎంత, మూడు అంకెలూ రాసుకోండి. సముద్రమట్టం దగ్గర మంచి పంపు 650 నుంచి 700 మిల్లీమీటర్ల దాకా లాగుతుంది. కానీ మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడే 760కి బదులు 700 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. కాబట్టి మీ ఊళ్లో 600 నుంచి 640 వచ్చిందంటే పంపును తప్పుపట్టకండి. నెల్లూరులోనో, కాకినాడలోనో ఉన్న మెకానిక్ ఫోనులో చెప్పిన అంకె మీ ఊరికి అలాగే వర్తించదు.

వేడి ఇంజన్‌తో ఐడ్లింగులో 450 కిందికి పడిపోయి, రేజింగ్ ఇవ్వగానే తిరిగి 600కు చేరితే పంపు అరిగింది, లేదా బెల్టు జారుతోంది. ముందు బెల్టు చూడండి, అది చవక పని. రెండు పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే 10 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వంగాలి. లోపలి ముఖం అద్దంలా మెరుస్తుంటే బిగించి లాభం లేదు, మార్చాలి. బెల్టు బాగుంటే పంపు మీదికి వెళ్లండి. ఆ పంపు లోపల తిరిగే రెక్కలు గోడకు ఆనుకుని గాలిని తోస్తాయి, రెక్కకూ గోడకూ మధ్య సందును మూసేది ఇంజన్ ఆయిల్ పొర. ఆయిల్ వేడెక్కి పలచబడితే, రెక్కలు ముందే అరిగి ఉంటే, ఆ సందు తెరుచుకుంటుంది. పొద్దున చిక్కటి ఆయిల్ అరుగుదలను కప్పిపుచ్చుతుంది, గంట తరువాత కప్పలేదు. అందువల్ల పంపు మార్చే ముందు ఇంజన్ ఆయిల్ ఎంత కాలం కిందట మార్చారో, ఎంత మట్టం ఉందో, పంపుకు ఆయిల్ తెచ్చే సన్న పైపులో అడ్డు ఏదైనా ఉందో చూడాలి. ఆయిల్ అందక రెక్కలు అరిగిన చోట కొత్త పంపు బిగిస్తే అది కూడా కొద్ది నెలల్లో అదే దారి పడుతుంది. ఆయిల్ తిరిగి చాంబర్‌కు (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టికి) పోయే రిటర్న్ పైపు కూడా నలగకుండా ఉండాలి. అది నలిగితే పంపులో ఆయిల్ నిలిచిపోయి, సీలు దాటి ఆల్టర్నేటర్‌లోకి దిగి, దాన్నీ పాడుచేస్తుంది.

పంపు దగ్గర అంకె బాగుంటే గేజీని పైపు రెండో చివర, బూస్టర్ దగ్గరికి తీసుకురండి. ఇక్కడ T ఆకారపు మూడు మూతుల గొట్టం ముక్క పెట్టి, బూస్టర్‌నూ గేజీనీ కలిపి చూడాలి. ఇందులో చాలామంది మెకానిక్‌లు పొరబడే చోటు ఒకటుంది. బండి నిలకడగా ఉన్నప్పుడు గేజీ చూపే అంకె ఒక్కటే చూసి వదిలేస్తారు. పైపులో సగం అడ్డున్నా, పెడల్ తొక్కకుండా ఒక నిమిషం ఉంచితే అంకె నెమ్మదిగా నిండుకు చేరుతుంది. చూడాల్సింది కోలుకునే వేగం. పెడల్‌ను త్వరత్వరగా నాలుగుసార్లు తొక్కండి, ముల్లు పడిపోతుంది. వదిలాక తిరిగి 500 దాటడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టండి. నేను చూసిన మంచి బండ్లలో ఐడ్లింగులో పది సెకన్ల లోపే దాటుతుంది. ఇరవై, ముప్పై సెకన్లు పడితే, పంపు దగ్గర అంకె బాగున్నా, దారిలో అడ్డుందన్నమాట. ఘాటు మలుపుల్లో మీకు ముప్పై సెకన్ల వ్యవధి ఎవరిస్తారు?

ఈ అడ్డు ఎక్కువగా ఆ రబ్బరు పైపులోనే ఉంటుంది. వాక్యూమ్ పైపు లోపలికి లాగే ఒత్తిడిని తట్టుకునేలా మందంగా, గట్టి అల్లికతో తయారవుతుంది. దారిలో అది పగిలినప్పుడు, దొరికిన డీజిల్ పైపు ముక్కనో, రేడియేటర్ సన్న పైపునో కోసి తగిలించడం మన రోడ్ల మీద మామూలే. ఆ పైపులు లోపలి నుంచి బయటికి నెట్టే ఒత్తిడికి చేసినవి, లోపలికి లాగితే నొక్కుకుపోతాయి. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా ఉండి తట్టుకుంటాయి, ఇంజన్ వేడికి మెత్తబడగానే అతుక్కుపోతాయి. నా దగ్గరికి వచ్చిన ఒక మామిడికాయల బండికి అంతకు ముందు వేరేచోట రెండు బూస్టర్లు మార్చి పంపారు. లక్షణాలు అచ్చం మీవే. బానెట్ ఎత్తి, వేడి ఇంజన్ నడుస్తుండగా పెడల్ తొక్కించి చూస్తే, ఆల్టర్నేటర్ వంపు దగ్గర జానెడు డీజిల్ పైపు నా కళ్లముందే నొక్కుకుపోయి, పెడల్ వదిలాక నెమ్మదిగా ఉబ్బింది. అసలు పైపు తెప్పించి, క్లిప్పులు బిగించాక పాత బూస్టర్‌లో ఒకదాన్నే తిరిగి పెట్టి పంపించాను. కంపెనీ పైపు అయినా పదేళ్లు దాటితే నమ్మడానికి లేదు. ఆయిల్ ఆవిరికి లోపలి పొర ఉబ్బి, పైకి నిగనిగలాడుతూనే లోపల మూసుకుపోతుంది. ఊడదీసి, వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి, వేళ్లతో నొక్కి చూడండి. మీ బండికి నేను పందెం కాయాల్సి వస్తే మొదట ఈ పైపు మీద, తరువాత పంపు మీద కాస్తాను.

నాన్ రిటర్న్ వాల్వు పరీక్ష చిన్నది. ఊడదీసి బూస్టర్ వైపు నుంచి నోటితో ఊదితే గాలి పోవాలి, పంపు వైపు నుంచి ఊదితే పోకూడదు. కొన్ని బండ్లలో అది బూస్టర్ మీదే రబ్బరు గ్రోమెట్‌లో ఉంటుంది, కొన్నింటిలో పైపు మధ్యలో ఉంటుంది; మధ్యలో ఉన్నదాన్ని తిప్పి బిగించిన సందర్భాలు కూడా చూశాను. బాణం గుర్తు పంపు వైపు ఉండాలి. ఇంజన్ ఆపాక గేజీ ముల్లు 15 సెకన్లలో 25 మిల్లీమీటర్లకు మించి పడకపోతే వాల్వు, బూస్టర్ రెండూ బిగుతుగానే ఉన్నాయని నేను లెక్కవేస్తాను. వాల్వు తీసినప్పుడు బూస్టర్ రంధ్రంలో సన్నటి గుడ్డ చుట్టిన పుల్ల పెట్టి చూడండి. నల్లటి ఇంజన్ ఆయిల్ అంటితే పంపు వైపు నుంచి వచ్చింది, అది డయాఫ్రమ్ రబ్బరును ఉబ్బించి చంపుతుంది. బ్రేకు ఆయిల్ అంటితే మాస్టర్ సిలిండర్ వెనుక సీలు కారుతోంది; బయట ఎక్కడా తడి కనబడకుండా బ్రేకు ఆయిల్ డబ్బాలో ఆయిల్ తగ్గడానికి కారణం కూడా అదే.

మీ ఇంజన్‌లో ఈజీఆర్‌కో (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే వాల్వు), టర్బోకో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపేది) ఇదే పంపు నుంచి సన్నటి వాక్యూమ్ గొట్టాలు పోతుంటే, వాటిని ఒక్కొక్కటిగా మూసి గేజీ చూడండి. పగిలిన ఒక సన్న గొట్టం చాలు, బూస్టర్ వాటాను తినేయడానికి.

ఇక రెండో లోపం, ముందు చక్రాలు వేడెక్కడం. బూస్టర్ ముందు భాగంలో ఒక కడ్డీ మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ను తోస్తుంది. పెడల్ వదిలినప్పుడు ఆ కడ్డీ కొనకూ పిస్టన్‌కూ మధ్య వెంట్రుకవాసి సందు ఉండాలి. బయటి తయారీ బూస్టర్లలో ఈ కడ్డీ ఒక మిల్లీమీటరు ఎక్కువ పొడవున్నా పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు. ఆయిల్ తిరిగి డబ్బాలోకి పోయే సన్న రంధ్రం మూసుకుపోతుంది. బ్రేకు కొంచెం పట్టే ఉంటుంది, దాని వేడికి ఆయిల్ వ్యాకోచిస్తుంది, పోయే దారి లేక ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, పెడల్ పైపైకి వచ్చి గట్టిపడుతుంది. అంటే ఇది కూడా నడిచేకొద్దీ గట్టిపడే లక్షణాన్నే పుట్టిస్తుంది, మీ మొదటి లోపం మీద ముసుగు వేసేది ఇదే. తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. చక్రాలు వేడెక్కి పట్టేసినప్పుడు ఇంజన్ ఆపి, మాస్టర్ సిలిండర్‌ను బూస్టర్‌కు బిగించే రెండు నట్లను కొద్దిగా వదులు చేసి, సిలిండర్‌ను రెండు మిల్లీమీటర్లు ముందుకు జరపండి. ముందు చక్రాలు జాకీ మీద స్వేచ్ఛగా తిరిగితే కడ్డీ పొడవే దోషి. నట్లు వదులు చేసినా చక్రం తిరగక, కాలిపర్ (డిస్కును ప్యాడ్లతో పట్టే భాగం) దగ్గర బ్లీడింగ్ నిప్పిల్ (ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న బోల్టు) విప్పితేనే తిరిగితే ఆ చక్రం రబ్బరు హోస్ లోపల మూసుకుపోయింది. నిప్పిల్ విప్పినా తిరగకపోతే కాలిపర్ పిస్టనో, దాని పిన్నులో తుప్పు పట్టి బిగిశాయి. కడ్డీ కొలతకు పాత పద్ధతి ఇంకా మంచిదే: కడ్డీ కొన మీద చిన్న పుట్టీ ముద్ద పెట్టి, సిలిండర్ బిగించి విప్పి, నలిగిన ముద్ద మందం చూడటం. దీనితోపాటు పెడల్ దగ్గర బ్రేకు లైటు స్విచ్చును పెడల్ మీదికి ఎక్కువగా బిగించారేమో కూడా చూడండి, అది కూడా పెడల్‌ను పూర్తిగా పైకి రానివ్వదు.

ఇంతవరకు తేలకపోతే చూడాల్సినవి ఇంకా కొన్ని ఉన్నాయి, కానీ మీ విషయంలో వాటికి అవకాశం తక్కువ. పెడల్ పిన్ను బుష్షులు ఎండిపోతే బూస్టర్ కడ్డీ విప్పి చేత్తో పెడల్ ఆడిస్తే తెలిసిపోతుంది. బూస్టర్ వెనుక, పెడల్ వైపు రబ్బరు తొడుగు లోపల గాలి వడపోత స్పాంజి ఉంటుంది. క్వారీ దుమ్ములో తిరిగే బండ్లలో అది మూసుకుపోయి, గబుక్కున తొక్కినప్పుడు మాత్రమే పెడల్ మొరాయిస్తుంది. లైనింగులు, ప్యాడ్లు వేడికి గాజులా మెరుగెక్కినా ఎక్కువ బలంతో తొక్కాల్సి వస్తుంది, అయితే అప్పుడు కాలి పరీక్షలన్నీ సరిగానే వస్తాయి. డబ్బాలో ఎవరైనా బ్రేకు ఆయిల్‌కు బదులు ఇంజన్ ఆయిలో, స్టీరింగ్ ఆయిలో పోసి ఉంటే మూత లోపలి రబ్బరు ఉబ్బి కనబడుతుంది. అలా జరిగితే పైపులన్నీ కడిగి, వ్యవస్థలోని ప్రతి రబ్బరూ మార్చాల్సిందే, దగ్గరి దారి లేదు.

ఒక విషయం మాత్రం మీ ఫిర్యాదులో లేకపోయినా అడుగుతున్నాను. వెనుక కమాన్లకు అదనంగా పట్టీలు వేయించారా? వెనుక యాక్సిల్ నుంచి చాసిస్‌కు కడ్డీతో కలిసి ఉండే లోడు వాల్వు ఒకటి ఉంటే, బండి వెనుక ఎంత కిందికి దిగిందో చూసి అది వెనుక బ్రేకులకు ఒత్తిడి పంచుతుంది. పట్టీలు వేస్తే లోడు వేసినా బండి దిగదు, వాల్వు దాన్ని ఖాళీ బండి అనుకుని వెనుక బ్రేకులను తగ్గించేస్తుంది. పని అంతా ముందు డిస్కుల మీద పడుతుంది, కాలు ఎక్కువ బలం పెట్టాల్సి వస్తుంది. పట్టీలు వేయించి ఉంటే ఆ కడ్డీ అమరికను తిరిగి సరిచేయించాలి.

ఇదే శీర్షిక కింద టెక్సస్ నుంచి ఒకరు తమ పెద్ద డీజిల్ పికప్ గురించి అడిగారు కాబట్టి రెండు మాటలు. ఫోర్డ్ సూపర్ డ్యూటీ వంటి అమెరికా భారీ డీజిల్ పికప్‌లలో చాలావాటికి వాక్యూమ్ బూస్టర్ ఉండదు. పవర్ స్టీరింగ్ పంపు ఆయిల్ ఒత్తిడితో నడిచే హైడ్రోబూస్ట్ ఉంటుంది. పైన చెప్పిన వాక్యూమ్ పరీక్షలు వాటికి పనికిరావు. అక్కడ మొదటి ప్రశ్న స్టీరింగ్ కూడా బరువెక్కిందా అన్నది. రెండూ బరువెక్కితే పంపు, బెల్టు, ఆయిల్ మట్టం చూడాలి. స్టీరింగ్ తేలికగా ఉండి పెడల్ ఒక్కటే గట్టిగా ఉంటే హైడ్రోబూస్ట్ యూనిట్‌ను అనుమానించాలి. ఇంజన్ ఆపి ఐదారు సార్లు తొక్కి, కాలు ఉంచి స్టార్టు చేస్తే పెడల్ దిగి, ఆ వెంటనే కాలిని కొద్దిగా వెనక్కి తోయాలి, ఆ తోపు మామూలే. దాని అక్యుములేటర్‌లో (ఒత్తిడిని నిల్వ ఉంచే డబ్బాలో) గ్యాసు చాలా ఎక్కువ ఒత్తిడితో ఉంటుంది, దాన్ని ఇంట్లో విప్పే ప్రయత్నం చేయవద్దు.

మీకు మాత్రం రేపటి పని ఇది: వేడి ఇంజన్‌తో పంపు దగ్గర ఐడ్లింగు అంకె, రేజింగు అంకె, బూస్టర్ దగ్గర నాలుగు తొక్కుల తరువాత కోలుకోవడానికి పట్టిన సెకన్లు, నట్లు వదులు చేసినప్పుడు ముందు చక్రం తిరిగిందా లేదా. ఈ నాలుగూ రాసి పంపండి, వాటితోపాటు వాక్యూమ్ పైపు మొత్తం కనబడేలా ఒక ఫోటో కూడా. పంపు మార్చాలా, పైపు మార్చాలా అన్నది అప్పుడు చెబుతాను. షెడ్డులో విప్పిన పాత బూస్టర్‌ను మాత్రం ఇంకా పారేయకుండా ఉంటే, తిరిగి తెచ్చి దగ్గర పెట్టుకోండి.